మొహమాటం దాటిన మాట: ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుల భావోద్వేగ ప్రజ్ఞ, బోధనా నాయకత్వం

ప్రతి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో హెచ్‌ఎం గారి బల్ల సొరుగులోనో, వెనక బీరువాలోనో పాఠ పరిశీలన రిజిస్టరు ఒకటి ఉంటుంది. తేదీ, తరగతి, సబ్జెక్టు, ఉపాధ్యాయుని పేరు, పాఠ్యాంశం, చివర పరిశీలకుడి సూచనలు. ఆ చివరి గడిలో నా కంటబడిన రాతలు చాలావరకు మూడు నాలుగు వాక్యాల చుట్టూనే తిరిగేవి: బోధన సంతృప్తికరం, బోధనోపకరణాలు వాడితే ఇంకా బాగుండేది, వెనకబడిన పిల్లలపై శ్రద్ధ పెట్టాలి. కింద ఉపాధ్యాయుడి సంతకం. తనిఖీకి వచ్చినవారు పేజీలు తిప్పి, తామూ ఒక సంతకం పెడతారు. ఆ పీరియడులో నిజంగా ఏం జరిగిందో ఆ పేజీ చెప్పదు. ఇద్దరు మనుషుల మధ్య రావలసిన మాట ఒకటి రాకుండా ఆగిపోయిందని మాత్రం చదివేవాడికి తెలుస్తుంది.

ఆ ఆగిపోయిన మాట గురించే ఈ వ్యాసం. ప్రధానోపాధ్యాయుల భావోద్వేగ ప్రజ్ఞకూ బోధనా నాయకత్వానికీ మధ్య సంబంధం ఉందా అన్న ప్రశ్నతో విద్యాశాస్త్ర విభాగాల్లో ఎన్నో ఎంఈడీ, పీహెచ్‌డీ పరిశోధనలు జరుగుతుంటాయి. రెండు ప్రశ్నావళులు పంచి, సహసంబంధ గుణకం లెక్కకట్టి, ధనాత్మక సంబంధం ఉందని తేల్చడం వాటి మామూలు బాట. సంబంధం లేదని నేను అనడం లేదు. అది ఎక్కడ ఉంటుందో అక్కడ మనం వెతకడం లేదంటున్నాను. పాఠం చూసిన తర్వాత ప్రధానోపాధ్యాయుడు ఉపాధ్యాయుడితో మాట్లాడే పది నిమిషాల్లో అది ఉంటుంది. మన బడుల్లో ఆ పది నిమిషాలకు అడ్డుపడేది చాలాసార్లు కోపం కాదు, మొహమాటం.

రెండు భావనలు

పీటర్ సలోవే, జాన్ మేయర్ 1990లో రాసిన వ్యాసంతో భావోద్వేగ ప్రజ్ఞ శాస్త్ర చర్చలోకి వచ్చింది. 1997లో వారే దాన్ని నాలుగు శాఖలుగా సవరించారు: ఉద్వేగాన్ని గుర్తుపట్టడం, ఆలోచనకు దాన్ని వాడుకోవడం, దాని నడకను అర్థం చేసుకోవడం, తనలోనూ ఎదుటివారిలోనూ దాన్ని సంబాళించడం. మధ్యలో 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చి ఈ మాటను ఇంటింటికీ చేర్చింది. చేర్చే క్రమంలో ఉత్సాహం, పట్టుదల, ఆశావహ దృక్పథం లాంటి మంచి గుణాలన్నీ అందులో కలిసిపోయాయి. ఒక సామర్థ్యానికి పెట్టిన పేరు క్రమంగా ఒక సద్గుణాల మూటకు పేరైంది. మన దగ్గరి పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేది ఆ మూటే.

బోధనా నాయకత్వం పుట్టిల్లు వేరు. 1970లలో అమెరికా నగరాల పేద పిల్లల బడుల్లో కొన్ని మాత్రం ఎందుకు బాగా నడుస్తున్నాయని రొనాల్డ్ ఎడ్మండ్స్ వంటివారు వెతికినప్పుడు, చదువు చెప్పే పని మీద దృష్టి వదలని ప్రిన్సిపాల్ ఒకరు అక్కడ కనిపించారు. 1985లో ఫిలిప్ హాలింగర్, జోసెఫ్ మర్ఫీ దీనికి కొలమానం తయారుచేశారు. బడి లక్ష్యాన్ని నిర్వచించడం, బోధనా కార్యక్రమాన్ని నిర్వహించడం, నేర్చుకునే వాతావరణాన్ని పెంచడం అనే మూడు పార్శ్వాలు, వాటి కింద పది విధులు. 2008లో వివియన్ రాబిన్సన్ బృందం అంతకుముందరి అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, పిల్లల చదువు మీద బోధనా నాయకత్వ ప్రభావం, సిబ్బందిలో స్ఫూర్తి నింపడం మీద ఆధారపడే పరివర్తనా నాయకత్వ ప్రభావానికి మూడు నాలుగు రెట్లుందని చూపించింది. అందులోనూ అన్నిటికంటే పెద్ద ప్రభావం, ఉపాధ్యాయులు నేర్చుకునే చోట తానూ కూర్చుని నేర్చుకునే నాయకుడిది. నేర్చుకోమని ఆదేశించడానికీ, పక్కన కూర్చుని నేర్చుకోవడానికీ ఉన్న తేడా గుర్తుంచుకుందాం, దానితో ముందు ముందు పని ఉంది.

ఈ రెండు భావనలూ కలిసే చోటు ఏది? జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెన్ మాస్టర్ అమెరికాలోని మయామీ-డేడ్ జిల్లాలో ప్రిన్సిపాళ్ల వెంట పరిశీలకులను నడిపించి, వారి రోజు ఎలా గడుస్తోందో నమోదు చేశారు. 2013లో వెలువడిన ఫలితం ఇబ్బందికరమైనది. బోధన పేరుతో గడిపిన మొత్తం సమయానికీ పిల్లల ప్రగతికీ సంబంధం కనబడలేదు. ఉపాధ్యాయుడికి తోడుండి మెళకువలు చెప్పిన సమయానికి మంచి సంబంధం ఉంది. తరగతి గదుల్లోకి అలా తొంగిచూసి వెళ్లిపోయే సందర్శనలకు మాత్రం ప్రతికూల సంబంధం ఉంది, అదీ ఉన్నత పాఠశాలల్లో ఎక్కువగా. వరండాలో రౌండ్లు కొట్టడాన్నే పర్యవేక్షణ అనుకునే మనకు ఇది చదవదగిన సంగతి. తొంగిచూపుకు లేనిది, తోడుకు ఉన్నది ఏమిటంటే, చూసిన తర్వాత మాట.

ఇంగితం, నామోషీ, మొహమాటం

భావోద్వేగ ప్రజ్ఞ అన్నది అనువాదం కోసం పుట్టిన మాట. స్టాఫ్‌రూములో ఎవరూ అనరు. ఆ పనికి తెలుగువాళ్లు వాడే మాటలు వేరే ఉన్నాయి. ఇంగితం ఉన్న మనిషి అంటాం. ఇంగితం అంటే పైకి కనబడే గుర్తు, ముఖంలోనో కదలికలోనో బయటపడే లోపలి భావం. దాన్ని చదవగలిగినవాడు ఇంగితజ్ఞుడు. సలోవే, మేయర్ల మొదటి శాఖ ఇదే. పరిశీలనకు లోనైన ఉపాధ్యాయుడికి కలిగేది నామోషీ. పిల్లల ముందు పలుచనైపోతానన్న వెరపు అది. నలుగురిలో ఎత్తిచూపితే ముఖం చిన్నబోతుంది. తర్వాత కినుక మొదలవుతుంది. కినుక అరవదు, ఏడాది పొడుగునా సెలవు చీటీల్లోనూ, ‘నాకు తెలియదు సార్’ అన్న జవాబుల్లోనూ బతుకుతుంది.

ఇక మొహమాటం. దీన్ని సిగ్గు అనలేం, భయం అనలేం, మర్యాద అని కూడా పూర్తిగా అనలేం. ఎదుటివాడి ముఖం చూస్తూ వాడికి నచ్చని మాట అనలేకపోవడం. పెళ్లి భోజనాల దగ్గర ఇది అందమైన గుణమే. పదిహేనేళ్లు పక్క కుర్చీలో కూర్చుని టిఫిన్ క్యారియర్ పంచుకున్న మనిషి పాఠం చూసి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఇది గొంతుకు అడ్డుపడుతుంది.

భావోద్వేగ ప్రజ్ఞ మాపనులు ఈ గుణాన్ని ఎలా లెక్కిస్తాయో చూడండి. 2002లో చి-సమ్ వాంగ్, కెన్నెత్ లా హాంకాంగ్‌లో రూపొందించిన పదహారు ప్రశ్నల మాపని ఉంది. అదే ఏడాది అనుకూల్ హైడ్, సంజ్యోత్ పేఠే, ఉపిందర్ ధర్ తయారుచేసిన మాపని మన విశ్వవిద్యాలయాల్లో విరివిగా వాడుకలో ఉంది. ఇతరుల భావాలు నాకు తెలుస్తాయి, కోపాన్ని అదుపులో పెట్టుకోగలను, అందరితో సంబంధాలు బాగుంటాయి అన్న ధోరణిలో సాగే ప్రశ్నలకు మొహమాటస్తుడైన ప్రధానోపాధ్యాయుడు నిజాయితీగానే అత్యధిక స్కోరు తెచ్చుకుంటాడు. ఆయనకు అందరి భావాలూ తెలుసు. తెలుసు కాబట్టే ఏమీ అనడు. కోపం రాదు. ఎవరితోనూ పేచీ లేదు. ఆయన పదవీ విరమణ సన్మానానికి మూడు మండలాల నుంచి జనం వస్తారు. ఆయన హయాములో తొమ్మిదో తరగతి పిల్లలు భిన్నాల దగ్గర ఆగిపోయారన్న సంగతి శాలువాల కింద కనబడదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. బోధనా నాయకత్వానికి పనికొచ్చే భావోద్వేగ ప్రజ్ఞను ఇంగితంతోనో నిగ్రహంతోనో మాత్రమే కొలవలేం. మొహమాటాన్ని దాటి, చిన్నబుచ్చకుండా, పాఠం గురించిన మాట చెప్పగలగడమే దానికి గీటురాయి. ఇంగితం, నిగ్రహం, మాట, ఈ మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ నిలవవు.

ఒక పీరియడు

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. పరిశోధన వ్యాసంలో సొంత గోడు ఎందుకని అడిగేవారికి, దీన్ని రుజువుగా కాక నమూనాగా తీసుకోమని మనవి.

నేను గణితం స్కూల్ అసిస్టెంటుగా ఉన్న ఒక బడిలో ఎనిమిదో తరగతికి బీజీయ సమాసాల గుణకారం చెబుతున్నాను. ప్రధానోపాధ్యాయుడు చివరి బెంచీలో కూర్చున్నారు. ఆయన తెలుగు చెప్పి పైకి వచ్చిన మనిషి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని బోర్డు మీద రాసి ముందుకు పోతుంటే మూడో బెంచీ అమ్మాయి లేచింది. “సార్, మైనస్ అంటే అప్పని మీరే చెప్పిన్రు కదా. అప్పును అప్పుతోటి గుణిస్తే ఆస్తి ఎట్లయితది?” తరగతి గొల్లుమంది. వెనక హెచ్‌ఎం ఉన్నారన్న ధ్యాస నాకుంది, సిలబస్ వెనకబడిందన్న తొందరా ఉంది. “అది రూల్ అమ్మా, రాసుకో” అన్నాను. అమ్మాయి కూర్చుంది. నాకు చెవులు వేడెక్కాయి.

అంతకుముందు పనిచేసిన చోట అయితే ఏం జరిగేదో నాకు తెలుసు. అక్కడి హెచ్‌ఎం సాయంత్రం స్టాఫ్ మీటింగులో పేరు పెట్టి మరీ చెప్పేవారు. ఆయన పరిశీలనకు వస్తున్నారని తెలిస్తే మేమందరం అయిపోయిన పాఠమే మళ్లీ చెప్పేవాళ్లం. పిల్లలు కూడా సహకరించి, తెలిసిన జవాబులకే చేతులెత్తేవారు. ఆ బడిలో రిజిస్టరు నిండుగా ఉండేది.

ఈయన ఆ రోజు ఏమీ అనలేదు. మధ్యాహ్న భోజనం గంట అయ్యాక, పిల్లలు పళ్లాలు కడుక్కునే నల్లాల దగ్గర నిలబడి ఉంటే వచ్చి పక్కన నిలబడ్డారు. “సార్, ఆ పిల్ల అడిగింది నాకూ తెల్వదు. పదో తరగతి దాకా లెక్కలంటే వణికినోణ్ణి. నిజంగ అడుగుతున్న, అప్పును అప్పుతోటి గుణిస్తే ఆస్తి ఎట్లయితది?”

చెప్పబోయాను. రెండు వాక్యాల తర్వాత ఆగిపోయాను. అప్పును అప్పుతో గుణించడమన్నదానికి అర్థమే లేదు. నేను ఇచ్చిన పోలికే అక్కడ తెగిపోయింది. అమ్మాయి పట్టుకున్నది ఆ తెగిన చోటునే. “రేపు చెప్తాను సార్” అన్నాను. “తొందరేం లేదు. తెలిసినంక నాక్కూడ చెప్పున్రి, క్లాసుకొస్త” అని వెళ్లిపోయారు.

రెండు రోజులు పట్టింది. మూడో రోజు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాను. మూడు ఇంటూ మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటూ మైనస్ రెండు, మైనస్ నాలుగు. ఒకటి ఇంటూ మైనస్ రెండు, మైనస్ రెండు. సున్నా ఇంటూ మైనస్ రెండు, సున్నా. మెట్టు మెట్టుకూ రెండేసి పెరుగుతోంది కదా, ఇంకో మెట్టు దిగితే? ఆ అమ్మాయినే బోర్డు దగ్గరకు పిలిచాను. మైనస్ ఒకటి ఇంటూ మైనస్ రెండు పక్కన ప్లస్ రెండు వేసి, అటు తిరిగి నిలబడింది. చివరి బెంచీలో హెచ్‌ఎం కూడా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు.

ఇప్పుడు సలోవే, మేయర్ల నాలుగు శాఖలు ఈ సంఘటన మీద పెట్టి చూడవచ్చు. నా చెవులు వేడెక్కడం ఆయన కనిపెట్టారు. తన లెక్కల భయాన్ని దాచుకోకుండా మాటకు ముడిసరుకుగా వాడుకున్నారు. స్టాఫ్‌రూములో అంటే నామోషీ కినుకగా మారుతుందని ఎరిగి, నల్లాల దగ్గరి చప్పుడును ఎంచుకున్నారు. తన తొందరను రెండు రోజులు ఆపుకున్నారు. అయితే వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది, ఆయన అడిగారన్నది. మొహమాటపడి ఊరుకుంటే నేను హాయిగా మర్చిపోయేవాణ్ణి. ఆ పిల్ల కూడా మర్చిపోయేది, దాంతోపాటు అడగడం కూడా మానేసేదేమో.

గణితం రాని మనిషి గణితం పాఠాన్ని ఎలా నడిపిస్తాడన్నది పాత చిక్కు. మేరీ కే స్టీన్, బార్బరా నెల్సన్ 2003లో దీన్ని లేవనెత్తి, నాయకుడికి ఏదో ఒక సబ్జెక్టులో లోతైన పరిచయం ఉండి, మిగతా సబ్జెక్టులను అక్కడి నుంచి అందుకునే నేర్పు ఉండాలన్నారు. తెలుగు చెప్పిన ఆ హెచ్‌ఎంకు పోలిక ఎక్కడ తెగుతుందో పట్టుకోవడం వృత్తిరీత్యా తెలుసు. మా పాఠంలో తెగినది సరిగ్గా పోలికే.

పై నుంచి దిగే వేడి

ప్రధానోపాధ్యాయుడి వ్యక్తిగత గుణం మీదే మొత్తం భారం మోపితే అన్యాయమవుతుంది. ఆయన కూర్చున్న కుర్చీ ఎలాంటిదో చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్కూల్ అసిస్టెంట్లు సీనియారిటీ మీద గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులుగా పదోన్నతి పొందుతారు. అందుకు రాయవలసిన శాఖాపరమైన పరీక్షలు ఖాతాలకూ, విద్యాశాఖ నియమావళికీ సంబంధించినవి. తోటివాడి పాఠం చూసి ఎలా మాట్లాడాలన్నది ఏ పరీక్షలోనూ లేదు. పదోన్నతులు ఏళ్ల తరబడి ఆగిపోయిన కాలాల్లో సీనియర్ స్కూల్ అసిస్టెంటే అదనపు బాధ్యతతో బడి నడిపిన సందర్భాలు కోకొల్లలు. నిన్నటిదాకా సహోద్యోగి, నేడు జీతాల బిల్లు మీద సంతకం పెట్టే డీడీఓ. కానీ ఉపాధ్యాయుణ్ణి నియమించే అధికారం లేదు, తప్పించే అధికారం లేదు, బదిలీ కౌన్సెలింగ్‌లో పాత్ర లేదు. పేరుకు అధికారి, చేతిలో ఉన్నది మాట మాత్రమే.

ఆ మాటకు కావలసిన తీరిక కూడా దొరకదు. హాజరు యాప్, భోజనం వివరాలు, గుడ్ల లెక్క, యూడైస్ నమోదు, బిల్లులు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన బడుల మరమ్మతు పథకం నాడు-నేడు తొలి దశలో 15,715 బడుల పనులు జరిగాయి. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రధానోపాధ్యాయులు సిమెంటు బస్తాలూ టైల్సూ లెక్కపెట్టారు. గదులు బాగుపడ్డాయి, కాదనను. 2022లో తెలంగాణలో మొదలైన మన ఊరు-మన బడి కూడా ఆ బాటదే. టెలీకాన్ఫరెన్సులో ఉత్తీర్ణతా శాతం మీద అక్షింతలు పడ్డ హెచ్‌ఎం మరుసటి పీరియడులో నవ్వుముఖంతో తరగతికి వెళ్లాలి. ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బందిని చూసి ఉద్వేగ శ్రమ అని పేరు పెట్టినది ఇదే. ముఖాన్ని అమ్ముకోవలసిన పని. పై నుంచి దిగిన వేడి ఎక్కడో ఒకచోట చల్లారాలి. చాలా బడుల్లో అది స్టాఫ్‌రూము దాకా, అక్కడినుంచి చివరి బెంచీ దాకా దిగుతుంది. ఈ వరుసలో ఒక్కరు వేడిని తనలో ఆపుకోగలిగినా అది గొప్ప పనే, అయితే దాన్ని ఉద్యోగ ధర్మంగా మార్చి ఒక మనిషి నెత్తిన పెట్టడం వ్యవస్థకు చవకైన దారి.

మహిళా ప్రధానోపాధ్యాయుల విషయంలో కొలతబద్ద ఇంకొంచెం వంకరగా ఉంటుంది. అదే మాట మగవాడు అంటే స్ట్రిక్టు, ఆమె అంటే గయ్యాళి. ఆమె మెత్తగా ఉంటే చేతకానితనం. మాపనుల్లో ఆడా మగా స్కోర్లు పోల్చి తేడా లేదని రాసే పరిశోధనలకు ఈ సంగతి ఎలాగూ చిక్కదు.

విశ్వాసం సంగతి కూడా చెప్పాలి. ఆంథొనీ బ్రిక్, బార్బరా ష్నైడర్ 1990లలో షికాగో ప్రాథమిక పాఠశాలలను పరిశీలించి 2002లో వెలువరించిన ఫలితాల ప్రకారం, పరస్పర విశ్వాసం బలంగా ఉన్న బడి మెరుగుపడే అవకాశం రెండింట ఒకటి, బలహీనంగా ఉన్న బడికి ఏడింట ఒకటి. వారు చెప్పిన విశ్వాసంలో గౌరవం, ఆత్మీయత ఉన్నాయి, వాటితో సమానంగా సామర్థ్యం, నిజాయితీ కూడా ఉన్నాయి. మొదటి రెండూ ఉండి చివరి రెండూ లేని బడిని మనం కలిసికట్టు స్టాఫ్ అంటాం.

కొలత మార్చాలంటే

ఒకే ప్రధానోపాధ్యాయుడు తన ఉద్వేగాల గురించీ తన నాయకత్వం గురించీ ఒకే రోజున, ఒకే పెన్నుతో టిక్కులు పెడితే ఆ రెండింటికీ మధ్య సహసంబంధం వచ్చి తీరుతుంది. తన గురించి మంచిగా అనుకునేవాడు రెండుచోట్లా మంచిగానే అనుకుంటాడు. ఎడ్విన్ లాక్ 2005లో భావోద్వేగ ప్రజ్ఞ అనే భావననే కొట్టిపారేశాడు. అంత దూరం వెళ్లనక్కరలేదు గానీ, స్వయం నివేదికల మీద కట్టిన మేడలను చూస్తే ఆయన చిరాకు అర్థమవుతుంది. హాలింగర్ మాపనికి ప్రిన్సిపాల్ రూపంతో పాటు ఉపాధ్యాయుల రూపం కూడా మొదటినుంచీ ఉంది. మన పరిశోధకులు చాలామంది సులువైన దాన్నే తీసుకుంటారు. గైడు ఒప్పుకుంటాడు, నమూనా దొరుకుతుంది, పట్టా వస్తుంది.

వేరేగా కొలవడానికి ఒక మండలంలో పది బడులు చాలు. ప్రతి బడిలో ఒక ఏడాది పరిశీలన రిజిస్టరు తీసి, సూచనల గడిలో ఆ పాఠానికి మాత్రమే వర్తించే వాక్యాలెన్నో, ఏ పాఠానికైనా అతికే వాక్యాలెన్నో లెక్కపెట్టవచ్చు. పరిశీలన తర్వాత మాట జరిగిందా, ఎక్కడ జరిగింది, ఎవరెదుట జరిగింది, ఆ తర్వాత పాఠంలో ఏం మారిందని ఉపాధ్యాయులను విడివిడిగా అడగవచ్చు. మైనస్ గుణకారం లాంటి సన్నివేశాలు ఆరేడు తెలుగులో రాసి, మీరైతే ఏమంటారు, ఎప్పుడంటారు అని ప్రధానోపాధ్యాయులనే అడగవచ్చు. ఇది సామర్థ్య పరీక్ష పద్ధతికి దగ్గర, మొహమాటం దాక్కునే చోటు ఇందులో తక్కువ. జాతీయ విద్యా విధానం 2020 ఉపాధ్యాయుల మాదిరే ప్రధానోపాధ్యాయులకూ ఏటా యాభై గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలంది. అందులో ఐదు గంటలు ఈ సన్నివేశాల మీద నటించి, తడబడి, మళ్లీ చెప్పి చూసుకోవడానికి ఇస్తే నష్టం లేదు. స్లైడు మీద ఐదు బుల్లెట్లుగా సహానుభూతి నేర్పడంకంటే అది నయం.

తెలియదని ఒప్పుకుని అడిగే దారి మనకు కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, తెలుగు పాఠాల్లోని భాషకూ పిల్లల నోటి భాషకూ ఎందుకంత దూరమని అడిగాడు. తనిఖీ అధికారి తనకు తెలియని సంగతిని తెలియదని అడిగిన ప్రశ్న అది. దాన్ని గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు అందుకున్నాక ఏం జరిగిందో వ్యావహారిక భాషోద్యమ చరిత్ర చెబుతుంది.

బదిలీ మీద ఆ బడి వదిలే రోజు సర్వీసు రిజిస్టరు పని మీద ఆఫీసు గదిలో కూర్చున్నప్పుడు, బల్ల మీదున్న పరిశీలన రిజిస్టరు తిప్పాను. ఆ గుణకారం పాఠానికి రెండు తేదీలున్నాయి. మొదటి తేదీకి ఎదురుగా సూచనల గడి ఖాళీ. మూడు రోజుల తర్వాతి తేదీకి ఎదురుగా ఆయన గుండ్రటి దస్తూరీలో ఒకే వాక్యం, అదీ నా గురించి కాదు: ‘అప్పును అప్పుతోటి గుణిస్తే ఆస్తి ఎట్లయితది?’ దాని కింద ఎప్పుడు పెట్టానో గుర్తులేని నా సంతకం.